దండనకు అందని అపరాధం: ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ టెలివిజన్ అనుసరణ – ఒక చారిత్రక పరిశీలన

2015 డిసెంబరు 26, 27, 28 తేదీలలో బీబీసీ వన్ ఛానల్ మూడు భాగాల ధారావాహికను ప్రసారం చేసింది. అగాథా క్రిస్టీ 1939లో ప్రచురించిన ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ నవలకు అది టెలివిజన్ అనుసరణ. రచన సారా ఫెల్ప్స్, దర్శకత్వం క్రెయిగ్ వివైరోస్. క్రిస్టీ జన్మించి 125 ఏళ్లు నిండిన సంవత్సరమది. క్రిస్మస్ వారంలో కుటుంబమంతా కలిసి కూర్చుని చూసే వేళకు, ఒక్కరు కూడా ప్రాణాలతో మిగలని కథను ప్రసారానికి ఎంచుకోవడం అప్పట్లో పత్రికల దృష్టిని ఆకర్షించింది. ఆంగ్ల వెండితెర డెబ్బై ఏళ్లుగా తప్పించుకుంటూ వచ్చిన విషాదాంతాన్ని ఈ ధారావాహిక తిరిగి తెచ్చిందన్నది విమర్శకులు సాధారణంగా చెప్పే మాట. ఆ మాట నిజమే. అయితే ముగింపు మీద నిలిచిన చూపు మరొక మార్పును గమనించలేదు. ఈ అనుసరణ శిక్షను యథాతథంగా నిలిపి, అపరాధాల స్వభావాన్ని మార్చింది. ఆ మార్పు చిన్నదేమీ కాదు.

నవల ఇతివృత్తం ప్రసిద్ధమే. ఒకరికొకరు పరిచయం లేని ఎనిమిది మంది ఆహ్వానాలందుకొని డెవన్ తీరానికి ఎదురుగా ఉన్న ఒక చిన్న ద్వీపానికి వస్తారు. వంటమనిషి, ఆమె భర్త అప్పటికే అక్కడ ఉంటారు. ఆతిథేయి మాత్రం కనిపించడు. మొదటి రాత్రి భోజనానంతరం గ్రామఫోను రికార్డు ఒకటి మోగి, పదిమంది మీద పది అభియోగాలు చదువుతుంది. ఆ తరువాత ఒక బాలగేయంలోని వరుస ప్రకారం ఒక్కొక్కరే మరణిస్తారు. హంతకుడు ఆ పదిమందిలోనే ఉన్న విశ్రాంత న్యాయమూర్తి వార్‌గ్రేవ్. సముద్రంలో విడిచిన సీసాలోని ఉత్తరం ద్వారా ఆ సంగతి చివరకు బయటపడుతుంది. చట్టం చేతికి చిక్కని నేరస్థులను ఏరి తెచ్చి తానే శిక్షించానని అతని వాదన.

బ్రిటన్‌లో ఈ నవల మొదట వెలువడిన పేరు నల్లజాతివారిని అవమానించే పదంతో కూడినది. నల్లరంగు పూసుకున్న తెల్ల గాయకులు పందొమ్మిదో శతాబ్దిలో వేదికలపై పాడిన పాట నుంచి వచ్చిన పేరది. అమెరికా ప్రచురణకర్తలు 1940లోనే దానిని మార్చారు. బ్రిటన్‌లో 1980ల దాకా అదే కొనసాగింది. టెలివిజన్ అనుసరణ సిపాయి బొమ్మల పేరును స్వీకరించింది. పేరు మారినంత మాత్రాన నవలలోని సామ్రాజ్యపు నీడ తొలగిపోలేదన్న విషయం ముందుముందు తేలుతుంది.

ముగింపు చరిత్రను ఇక్కడ కొంత వివరంగా చూడాలి. 1943లో క్రిస్టీ స్వయంగా ఈ నవలను నాటకంగా మలచి లండన్‌లో ప్రదర్శింపజేసింది. బాంబుదాడులు ముగియని కాలమది. మరుసటి ఏడు బాంబు దెబ్బకు నాటకశాల మారవలసి వచ్చింది. అందరూ మరణించే కథను వేదికపై చెప్పడానికి ఎవరూ మిగలరు గనుక ఇద్దరిని నిర్దోషులుగా మార్చి బతికించాలని ఆమె నిర్ణయించుకుంది. బాలగేయానికి పెళ్లితో ముగిసే పాఠాంతరం కూడా ఉండటం ఆమెకు కలిసివచ్చింది. ఆ విధంగా వేరా క్లేథోర్న్, ఫిలిప్ లాంబార్డ్ ఇద్దరూ నాటకంలో నేరం చేయనివారై, చివరకు ఒకటవుతారు. 1945లో రెనే క్లెయిర్ తీసిన చలనచిత్రం ఈ మార్గాన్నే అనుసరించింది. 1965లో జార్జ్ పొలాక్ కథను మంచు పర్వతానికి, 1974లో పీటర్ కాలిన్సన్ ఇరాన్ ఎడారికి తరలించినా ప్రేమికుల జంట మాత్రం బతికే ఉంది. 1965లోనే హిందీలో రాజా నవాథే తీసిన ‘గుమ్‌నామ్’ ఈ కథా చట్రాన్ని స్వేచ్ఛగా వాడుకొని, నాయికా నాయకులను క్షేమంగా ఒడ్డుకు చేర్చింది. నవల ముగింపును విడవకుండా తెర మీదకు తెచ్చిన గౌరవం 1987లో సోవియట్ దర్శకుడు స్తానిస్లావ్ గొవొరూఖిన్‌కు దక్కింది. ఇంగ్లండు తన సొంత కథ ముగింపును పూర్తిగా చూడటానికి 2015 దాకా ఆగింది.

ఈ చరిత్రలో ముగింపు మారినప్పుడల్లా అపరాధం కూడా మారిందన్న సంగతి గమనించదగ్గది. బతికి బట్టకట్టాలంటే నిర్దోషి కావాలి. కనుక నాటకం అభియోగాన్నే అబద్ధం చేసింది. శిక్షకూ నేరానికీ మధ్య ఉన్న ఈ లంకెను బట్టే 2015 అనుసరణను పరీక్షించాలి. అందరికీ మరణాన్ని తిరిగి విధించిన రచయిత్రి, ఆ మరణానికి తగినంత బరువును అపరాధాలకు కూడా కల్పించవలసి ఉందని భావించినట్లు కనిపిస్తుంది.

నవలలోని అభియోగాలకు ఒక ప్రత్యేక లక్షణం ఉంది. వాటిలో చాలావరకు ‘చేత’లు కావు, ‘చేయమి’కి, లేదా ఇతరుల చేత జరిపించడానికి సంబంధించినవి. (తెలుగులో ‘మి’ చేరిన ఈ వ్యతిరేక రూపం న్యాయశాస్త్రవేత్తలకు ఉపకరించే మాట, అది వాడుకలో మరుగున పడటం విచారకరం.) సేవకుడు రోజర్స్, అతని భార్య తమ యజమానురాలికి గుండెజబ్బు ముదిరిన వేళ ఇవ్వవలసిన మందు ఇవ్వలేదు. ఎమిలీ బ్రెంట్ గర్భవతి అయిన పనిపిల్లను ఇంటినుంచి వెళ్లగొట్టింది. ఆ పిల్ల నీటిలో దూకి మరణించింది. జనరల్ మెకార్థర్ 1917లో తన భార్య ప్రియుడైన అధికారిని తిరిగి రాని చోటికి ఆజ్ఞాపూర్వకంగా పంపాడు. పోలీసు అధికారి బ్లోర్ తప్పుడు సాక్ష్యం చెప్పి ఒక మనిషిని జైలుపాలు చేశాడు. అతడు జైలులోనే చనిపోయాడు. వేరా తన సంరక్షణలో ఉన్న బాలుడిని ఈదలేనంత దూరం ఈదనిచ్చింది. లాంబార్డ్ తూర్పు ఆఫ్రికాలో తన వెంట ఉన్న ఇరవై ఒక్క మందిని అడవిలో విడిచి, ఉన్న ఆహారం తీసుకొని వెళ్లిపోయాడు. గ్రామఫోను గొంతు కూడా అందరికీ ఒకే క్రియాపదం వాడదు. ఒకరు మరణానికి కారకులు, మరొకరు బాధ్యులు, ఇంకొకరు మృత్యువు దగ్గరకు పంపినవారు. న్యాయమూర్తి రాసిన అభియోగపత్రం అది. పదాల ఎంపికలో అతనికి పొరపాటు జరగదు.

‘చేయమి’ ఎప్పుడు హత్య అవుతుందన్న ప్రశ్న ఆంగ్ల న్యాయచింతనలో పాతదే. దానికి అత్యంత స్పష్టమైన సమాధానం భారతదేశం కోసం రాసిన పత్రంలో ఉండటం విశేషం. మెకాలే అధ్యక్షతన న్యాయ సంఘం 1837లో సమర్పించిన శిక్షాస్మృతి ముసాయిదాకు చేర్చిన వివరణలలో ఒకటి పూర్తిగా ఈ విషయం మీదనే సాగుతుంది. ఆకలితో ఉన్న మనిషికి అన్నం పెట్టకపోవడం వలన అతడు చనిపోతే, పెట్టనివాడు అతని జైలరు అయితే హత్య. మానవత్వం తప్ప మరే బాధ్యతా లేని దారిన పోయేవాడైతే కాదు. పొంగుతున్న నదిని దాటవద్దని బాటసారికి చెప్పకపోవడం, హెచ్చరించడానికి అక్కడ నియమించిన బంట్రోతుకు నేరం. దారి చూపుతానని ఒప్పుకున్నవాడికి నేరం. ఊరకనే అక్కడ నిలబడినవాడికి కాదు. కలకత్తా నుంచి మీరట్ వెళ్లి శస్త్రచికిత్స చేస్తే రోగి బతుకుతాడని తెలిసినా వెళ్లని వైద్యుడు కూడా హంతకుడు కాడు. 1860లో శాసనమైన భారత శిక్షాస్మృతి ఈ గీతనే నిలుపుకున్నది: చట్టం విధించిన కర్తవ్యానికి విరుద్ధమైన ‘చేయమి’ మాత్రమే చేతతో సమానం.

ఈ గీతను నవల మీద ఉంచి చూస్తే పాత్రలు రెండు వర్గాలవుతాయి. ఎమిలీ బ్రెంట్ గీతకు అవతల నిలబడుతుంది. ఆమెను ఏ న్యాయస్థానమూ బోనెక్కించదు. రోజర్స్ దంపతులు, వేరా, లాంబార్డ్ గీతకు ఇవతలివారే. సేవకులకు యజమానురాలి పట్ల, ఉపాధ్యాయినికి బాలుడి పట్ల, నాయకుడికి అనుచరుల పట్ల కర్తవ్యం ఉంది. వారిని రక్షించినది సాక్ష్యం లేకపోవడం. ఇవ్వని మందుకు మరక ఉండదు. ఆపని ఈతకు ఆయుధం ఉండదు. మరణవిచారణ అధికారి వేరాను తప్పుపట్టలేదు. అపరాధ పరిశోధక నవల సాధారణంగా పాదముద్రలు, రక్తపు చుక్కలు, విషపాత్రలు వెదుకుతుంది. జాడలు మిగల్చని నేరాలను అదే ప్రక్రియలోకి తెచ్చి, ఆ నేరాలకు జాడలు మిగిల్చే హత్యలను శిక్షగా విధించడం క్రిస్టీ చేసిన సాహసం. తెలుగులో ఈ ప్రక్రియకు స్థిరపడిన పేరులోని ‘అపరాధం’ అన్న మాట చట్టం పట్టుకునే నేరానికీ, మనసు మాత్రమే ఎరిగిన తప్పుకూ సమానంగా వర్తిస్తుంది. ఈ నవలకు ఆ మాట ఆంగ్ల పదం కన్నా చక్కగా అమరుతుంది.

టెలివిజన్ అనుసరణలో ఈ నేరాలు చేతులకు దగ్గరగా వచ్చాయి. రోజర్స్ మందు ఇవ్వకుండా ఊరుకోడు. వృద్ధురాలి ముఖం మీద దిండు అదుముతాడు. జనరల్ మెకార్థర్ ఆజ్ఞ ఇచ్చి పంపడు. కందకంలో ఆ అధికారిని వెనుకనుంచి తానే కాలుస్తాడు. బ్లోర్ తప్పుడు సాక్ష్యంతో సరిపెట్టుకోడు. స్వలింగ ప్రియుడైన యువకుడిని పోలీసు గదిలో కొట్టి చంపుతాడు. లాంబార్డ్ వదిలి వెళ్లడు. వజ్రాల కోసం ఇరవై ఒక్క మందినీ చంపించిన కథగా అది మారి, అతడు దానిని దాచకుండా ఒప్పుకుంటాడు. డాక్టర్ ఆర్మ్‌స్ట్రాంగ్ మద్యం మత్తులో చేసిన శస్త్రచికిత్స, మార్‌స్టన్ కారు కింద పడిన ఇద్దరు పిల్లలు పెద్దగా మారలేదు. అవి మొదటినుంచీ చేతలే.

ఈ మార్పుల వలన నవల నిర్మాణంలో ఒక దూలం కదిలింది. నవలలోని ఉత్తరంలో వార్‌గ్రేవ్ మరణాల వరుసకు కారణం చెబుతాడు. అపరాధభారం తక్కువగా ఉన్నవారిని ముందుగా పంపి, ఎక్కువగా ఉన్నవారికి భయాన్ని చివరిదాకా మిగిల్చాడు. అందుకే బాధ్యత అంటే ఏమిటో తెలియని మార్‌స్టన్ మొదట, భర్త ఒత్తిడికి లొంగిన రోజర్స్ భార్య రెండవది, జనరల్ మూడవవాడు. లాంబార్డ్, వేరా చివరివారు. ఈ క్రమం ఒక శిక్షాస్మృతి. అతని దృష్టిలో ఏ నేరం ఎంత బరువో తూచే తూకం. అనుసరణ మరణాల వరుసను అలాగే ఉంచింది. కాని సహచరుడిని వెనుకనుంచి కాల్చిన జనరల్ మూడవ స్థానంలో మరణించడానికి ఇప్పుడు సమర్థన దొరకదు. తూకంరాళ్లు మారాయి, త్రాసు ముల్లు మాత్రం పాత చోటునే చూపుతోంది.

మార్పులకు మాధ్యమం కొంత కారణం. ‘చేయమి’ని కెమెరా పట్టుకోవడం కష్టం. గూట్లో కదలకుండా ఉన్న మందుసీసాను ఎంతసేపు చూపినా అది సీసాయే. నవలాకారిణి ఒక వాక్యంలో పాత్ర మనసులోకి వెళ్లి రాగలదు. తెరకు చేయి కదలాలి. అయితే మాధ్యమం మీదనే భారమంతా వేయడం సరికాదు. మార్చిన నేరాలన్నీ ఏ దిశగా మారాయో చూస్తే రచయిత్రి ఉద్దేశం తెలుస్తుంది. సైన్యం, పోలీసు వ్యవస్థ, సామ్రాజ్యం – 1939 నాటి బ్రిటిష్ గౌరవానికి మూడు స్తంభాలు. యూనిఫారం చాటున ఉన్న హింసను బయటకు లాగడం ఆమె ఎంచుకున్న పని. బ్లోర్ విషయంలో ఇది గట్టిగా నిలుస్తుంది. ఇంగ్లండు, వేల్స్‌లలో పురుషుల మధ్య స్వలింగ సంబంధం 1967 దాకా నేరం. ఆ యువకుడికి జరిగినదాన్ని అడిగే నాథుడు 1930లలో ఉండడు. నవలలోని తప్పుడు సాక్ష్యం కన్నా ఈ నేరం చట్టానికి అందని తనాన్ని మరింత పదునుగా చూపుతుంది. కథను 1939 ఆగస్టులో నిలపడం కూడా ఇటువంటి చారిత్రక దృష్టే. మరో వారాల్లో దేశమంతా యుద్ధంలోకి దిగబోతున్నదని ప్రేక్షకుడికి తెలుసు, పాత్రలకు తెలియదు. నవల వెలువడినది సెప్టెంబరులో యుద్ధం ప్రకటించిన రెండు నెలలకు. ఆ నాటి పాఠకులకు ద్వీపం బయట ప్రపంచం ఎలా ఉందో చెప్పవలసిన అవసరం లేకపోయింది.

అనుసరణ తన అత్యున్నత స్థాయిని అందుకున్నది మాత్రం, మార్చకుండా వదిలిన నేరం దగ్గర. వేరా కథలో దిండు లేదు, తుపాకి లేదు. ఒక పిల్లవాడు రాతిగుట్ట దాకా ఈదుతానని మారాం చేయడం, ఆమె సరేనని అనడం, ఆ తరువాత సముద్రం. పిల్లవాడు లేకపోతే ఆస్తి ఆమె ప్రేమించిన మనిషికి వస్తుంది. మేవ్ డెర్మొడీ నటనలో ఈ జ్ఞాపకం ఒకేసారి పూర్తిగా రాదు. తునకలుగా, ప్రతిసారీ ఇంకాస్త నిజంతో తిరిగి వస్తుంది. మొదట ప్రేక్షకుడు ఆమె దుఃఖాన్ని నమ్ముతాడు. చివరి భాగంలో అదే దృశ్యంలో ఆమె కళ్లలోని లెక్కను చూస్తాడు. ‘చేయమి’ని కెమెరా పట్టుకోలేదన్న వాదనకు ఈ ధారావాహికలోనే సమాధానం ఉంది. వేరా విషయంలో సాధ్యమైనది రోజర్స్ విషయంలో ఎందుకు ప్రయత్నించలేదన్న ప్రశ్న నిలుస్తుంది.

ముగింపు దృశ్యంలో మరొక మార్పు ఉంది. నవలలో వేరా తనంతట తానే ఉరి వేసుకుంటుంది. న్యాయమూర్తి చాటునుంచి చూస్తాడు. సీసాలోని ఉత్తరం పాఠకుడికి రాసినది, ఆమె దానిని చదవదు. టెలివిజన్‌లో చార్లెస్ డాన్స్ పోషించిన వార్‌గ్రేవ్ గదిలోకి నడిచి వస్తాడు. మెడకు తాడు బిగిసి, కాలివేళ్లతో కుర్చీని అందుకోవడానికి పెనుగులాడే మనిషితో నింపాదిగా మాట్లాడతాడు. నేరాన్ని లాంబార్డ్ మీదకు నెట్టి తమ ఇద్దరం బయటపడవచ్చునని ఆమె బేరమాడుతుంది. అతడు కుర్చీని లాగివేస్తాడు. ఉత్తరం స్థానంలో సంభాషణను పెట్టడం నాటకీయంగా లాభించింది. న్యాయస్థానం లేని చోట న్యాయమూర్తి, ముద్దాయి ఎదురెదురుగా నిలిచి, తీర్పును అతడే తన చేతులతో అమలు చేసే రూపం దానివల్ల ఏర్పడింది. 1939లో ఉరిశిక్ష విధించే న్యాయమూర్తి బ్రిటిష్ సమాజంలో నిత్యవాస్తవం. హత్యకు ఉరిశిక్షను పార్లమెంటు 1965లో నిలిపివేసింది. ఆ తరువాత సరిగ్గా యాభై ఏళ్లకు వచ్చిన ఈ దృశ్యంలో ఉరి వేసే పని ఎంత శారీరకమైనదో ప్రేక్షకుడు కళ్లారా చూస్తాడు. నవలలో ఆమె మనసే ఆమెకు తలారి. ఇక్కడ ఆ పనిలో సగం న్యాయమూర్తి తీసుకున్నాడు. వేరా అపరాధబోధ ఎంత లోతైనదో చూపే అవకాశం ఆ మేరకు తగ్గింది. తరువాతి ఏడాది సారా ఫెల్ప్స్ క్రిస్టీదే మరొక రచన ‘ద విట్‌నెస్ ఫర్ ద ప్రాసిక్యూషన్’ను టెలివిజన్‌కు రాసింది. నాటకం చేర్చిన శిక్షను తీసివేసి, నేరస్థులు స్వేచ్ఛగా వెళ్లిపోయే తొలి కథారూపానికి తిరిగి వెళ్లింది. రంగస్థలం సుఖాంతం చేసినదాన్ని సరిదిద్దడం ఆమె అనుసరణలలో పునరావృతమైన పని.

మిగిలినది లాంబార్డ్ విషయం. ఈ నవల అనుసరణల చరిత్రను అతని అభియోగం ఒక్కదాన్నే పట్టుకొని కూడా రాయవచ్చు. నవలలో అతడు ఒక్కడే తన మీది ఆరోపణను మొదటి రాత్రే నవ్వుతూ ఒప్పుకుంటాడు. తన ప్రాణం కాపాడుకోవడం మనిషికి మొదటి ధర్మమని, స్థానికులకు చావంటే యూరోపియన్లకున్నంత పట్టింపు ఉండదని అతని సమర్థన. ఆ మాట తరువాత ఇద్దరు స్త్రీల మధ్య సంభాషణలో మళ్లీ వస్తుంది. వారు కేవలం స్థానికులేగదా అని వేరా తేలికపరుస్తుంది. నలుపైనా తెలుపైనా మన సోదరులేనని ఎమిలీ బ్రెంట్ కఠినంగా బదులిస్తుంది. పనిపిల్లను చలిలోకి గెంటిన మతాభిమాని నోట ఆ మాట రావడం, పిల్లలకు చదువు చెప్పే సున్నితమైన యువతి నోట ఈ మాట రావడం – క్రిస్టీ చాలాచోట్ల ఎగవేసిన ప్రశ్నను ఇక్కడ మాత్రం సూటిగా ఎదుర్కొన్నది.

1943 నాటకం లాంబార్డ్‌ను నిర్దోషిని చేసింది. 1945 చలనచిత్రంలో ద్వీపానికి వచ్చినది లాంబార్డే కాదు, అతని పేరు పెట్టుకొని వచ్చిన మిత్రుడు. 2015లో అతడు వజ్రాల కోసం రక్తం చిందించినవాడు. మూడు రూపాలలోనూ వదిలి వెళ్లడం అన్న పని కనిపించదు. మొదటి రెండు దానిని తుడిచివేశాయి. మూడవది దానికి అత్యాశ అన్న సులభమైన కారణాన్ని, చేతితో చంపడం అన్న సులభమైన రూపాన్ని ఇచ్చింది. వజ్రాల దొంగను ద్వేషించడానికి ప్రేక్షకుడికి ఏ శ్రమా అక్కరలేదు. ఆహారం తక్కువైనప్పుడు ఎవరి ప్రాణం లెక్కలోకి వస్తుందో ముందే తేల్చుకొని, ఎవరిమీదా చేయి వేయకుండా నడిచి వెళ్లిపోయిన నవలలోని లాంబార్డ్ సామ్రాజ్య పాలనకు మరింత దగ్గరి పోలిక. దారి చూపుతానని ఒప్పుకున్నవాడు హెచ్చరించకపోతే హత్యేనని కలకత్తాలో రాసుకున్న నియమం అతనికి వర్తించేదే. అడిగేవారు లేకపోయారు.

గ్రామఫోను రికార్డులోని అభియోగాలలో మృతులకు పేర్లున్నాయి: లూయిసా క్లీస్, బియాట్రిస్ టేలర్, సిరిల్ హామిల్టన్, ఆర్థర్ రిచ్‌మండ్, జాన్ కోంబ్స్, లూసీ కోంబ్స్, జెన్నిఫర్ బ్రేడీ, ఎడ్వర్డ్ సీటన్, జేమ్స్ లాండర్. లాంబార్డ్ అభియోగంలో 1932 ఫిబ్రవరి అన్న కాలం ఉంది, ఇరవై ఒక్కటి అన్న సంఖ్య ఉంది, తూర్పు ఆఫ్రికాలోని ఒక తెగ అన్న వివరణ ఉంది. 2015 నాటి రికార్డు కూడా వారిని సంఖ్యతోనే చదివింది.